నీలం కొట్టిన తెలుపు

లేడీ డాక్టరు కోడల్ని అడిగిన ప్రశ్నకి అత్తగారు జవాబు చెప్పింది.

"మీరిద్దరూ వారానికి ఎన్నిసార్లు కలుస్తారమ్మా?" అని డాక్టరు అడిగింది. అడుగుతూ తలెత్తలేదు. కంప్యూటర్‌లో పాత రిపోర్టులు చూస్తోంది.

"రోజూ కలిసే ఉంటారండీ. కింద కొట్టు, పైన ఇల్లు. విడిగా ఉండడానికి ఇంక చోటేదీ?" అంది అత్తగారు.

కోడలికి నవ్వొచ్చింది. ఆ గదిలో నవ్వితే అది కూడా రోగలక్షణం కింద రాసుకుంటారేమోనని గోడ మీదున్న గర్భసంచి బొమ్మకేసి చూసింది. గులాబీ రంగు వేశారు దానికి. కాస్త నారింజ ఎక్కువైంది. రంగుల కొట్టు వాళ్ళింటి కోడలైనప్పటినుంచి ఏది చూసినా ముందు ఇదే కనిపిస్తుంది.

"రక్తపరీక్షలు బాగున్నాయి," అంది డాక్టరు. "మొన్న మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రేలో ట్యూబులు కూడా తెరుచుకునే ఉన్నాయి. ఇంక లోపల కెమెరా పెట్టి చూడడమే. బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేస్తాం. మత్తిస్తాం కనక నొప్పి తెలీదు. గురువారం పొద్దున్న పెట్టుకుందాం."

మొన్న మందు ఎక్కించేటప్పుడు కూడా నొప్పి తెలీదనే అన్నారు. అప్పుడు బల్ల అంచు పట్టుకుంటే విరిగిన గోరు ఇంకా పెరగలేదు. కోడలు ఆ వేలిని అరచేతిలోకి ముడుచుకుంది.

"ఆయన పరీక్ష సంగతేమైంది? పోయినసారే చెప్పానుగా, ముందు అది చూడాలని."

"చేయించాడండీ. అంతా భేషుగ్గా ఉందన్నారట."

కోడలు గిరుక్కున తిరిగి అత్తగారి మొహంలోకి చూసింది. అందులో అబద్ధమేమీ లేదు. కొడుకు చెప్పిందే చెప్పింది ఆవిడ. పరీక్షకని బయల్దేరిన రోజు ఆయన బస్టాండు వైపు వెళ్ళి, చేతిలో గుర్రం బొమ్మ ఉన్న డబ్బాతో తిరిగొచ్చాడు. ఆ సంగతి కోడలికి తెలుసు. ఆ డబ్బా మీద గుర్రం జూలు ఎగరేసుకుంటూ పరుగెత్తుతుంటుంది. ఎక్కడికో మాత్రం రాయలేదు.

"రిపోర్టు తేవాల్సింది."

"కొట్లో ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటాడు. వాడికేమండీ, గుండ్రాయి."

డాక్టరు ఇంకేదో అనబోయింది. ఈలోగా బయట ఎవరిదో పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. నర్సు తలుపు సందులోంచి తల పెట్టి ఇంకా ఎంతమంది ఉన్నారో కళ్ళతోనే చెప్పింది. "గురువారం ఆయన్ని కూడా తీసుకురండి," అని డాక్టరు బెల్లు నొక్కేసింది.

బస్సులో అత్తగారు కిటికీ పక్క సీటు కోడలికిచ్చింది. మనసు మెత్తబడినప్పుడు అలాంటివి చేస్తుంది ఆవిడ.

"భయపడకమ్మా. లోపల ఏదో అడ్డం ఉండుంటుంది. తీసేస్తే సరిపోతుంది."

కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అడ్డం లోపల లేదు. మంచానికి అవతలి పక్కన ఉంది. అడ్డంగా కాదు, అటు తిరిగి పడుకుని ఉంది.

మొదట్లో అలసట అన్నాడు. తర్వాత ఉక్కపోత అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనడం మానేసి, ప్రయత్నించడం, ఆగిపోవడం, లేచి కూర్చోవడం, "షట్టరు తాళం వేశానో లేదో చూసొస్తా" అని తాళాల గుత్తి పట్టుకుని మెట్లు దిగడం, ఇదే వరసైంది. ఆ షట్టరుకున్నంత కాపలా ఊళ్ళో బ్యాంకుకి కూడా ఉండదు. ఒకసారి చాలాసేపటికీ రాకపోతే ఆమె లేచి చూసింది. కిందికి వెళ్ళనేలేదు ఆయన. మెట్ల మధ్యలో కూర్చుని, తాళాల గుత్తిని నుదుటికి ఆనించుకుని ఉన్నాడు. ఆమె చప్పుడు చేయకుండా వెనక్కొచ్చి పడుకుంది. డాక్టరుకి చూపిద్దామా అని ఆ మర్నాడు అడిగినందుకు, కొన్నాళ్ళపాటు భోజనం కొట్లోకే పంపించుకున్నాడు.

మిగతా కొట్లవాళ్ళు రంగులు కలపడానికి మిషన్లు తెచ్చుకున్నారు. ఈ కొట్లో మిషన్ లేదు. డేగకన్ను ఉంది. బజారులో అందరూ ఆయన్ని అదే పేరుతో పిలుస్తారు. ఏ గోడకి ఏ రంగు కావాలన్నా గోడ పెచ్చు తెమ్మనడు. తనే వెళ్తాడు. చేతులు వెనక్కి కట్టుకుని, శవాన్ని గుర్తుపట్టడానికి పిలిచిన బంధువులా గోడ ముందు నిలబడి చూస్తాడు. తిరిగొచ్చి జ్ఞాపకంలోంచి కలిపేస్తాడు. "పెచ్చు చూసి కలిపేవాడు రంగులవాడా? కాపీ కొట్టేవాడు," అంటాడు. ఇన్నేళ్ళలో ఒక్క డబ్బా వెనక్కి రాలేదు.

కోడలి పని అట్టముక్కల మీద. ఆయన కలిపినదాన్ని పుల్లతో తీసి అట్టమీద రాసి, జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో ఆరబెట్టి చేతికివ్వాలి. తడి రంగు అబద్ధమాడుతుంది, ఆరాకే దాని మాట నమ్మాలి. ఇది ఆయన నేర్పిందే.

మంగళవారం పొద్దున్నే వెళ్ళి పళ్ళ డాక్టరు క్లినిక్కులో గోడ చూసొచ్చాడు. పైపు పగిలి గోడ తడిసిందట. పెచ్చులూడినంత మేర కొత్తగా పూత పూశారు. ఆ ముక్కకి మాత్రమే పాత రంగు కావాలి. గోడంతా వేయడం సులువు, ముక్కకి కలపడమే కష్టం. తేడా వచ్చిందంటే రెండు రంగులూ ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ళలా ఉంటాయి.

"మీగడ రంగు," అన్నాడు వస్తూనే. "చిటికెడు బూడిద. అంతే."

అని పాలు తాగడానికి పైకి వెళ్ళాడు. దిగేసరికి మొహం కందిపోయి ఉంది. ముక్కు దిబ్బడ.

"ఈ పాడు జలుబు వదలడమే లేదు," అంది గల్లాపెట్టె దగ్గర్నుంచి అత్తగారు. "పొద్దున్నా సాయంత్రం పాలల్లో ఆ పొడి వేసుకుంటూనే ఉన్నాడు పాపం."

పొడి జలుబుకని ఆవిడ నమ్మకం. జలుబే ఆ పొడి వల్ల వస్తోందని కోడలి అనుమానం. డబ్బాని పై అరలో ఎవరూ కొనని వంకాయరంగు టిన్నుల వెనక దాచాడు. దుమ్ము దులిపే పని కోడలిదేనన్న సంగతి ఆయనకెప్పుడూ గుర్తుండదు.

ఆయన కలిపాడు. ఆమె అట్టమీద రాసి, ఆరబెట్టి ఇచ్చింది. గుమ్మంలోకి వెళ్ళి వెలుతురులో పట్టుకుని చూశాడు.

"నీలం కొడుతోంది," అని రెండు చుక్కలు పసుపు వేశాడు.

రెండో అట్ట ఇచ్చింది. కళ్ళు నులుముకుని చూశాడు. "ఇంకా నీలమే."

"నాకేం కనిపించడం లేదండీ."

"నీకు కనిపిస్తే నిన్నే అనేవాళ్ళు డేగకన్నని."

మళ్ళీ పసుపు పడింది. మూడో అట్ట ఆరేసరికి మీగడ పోయి వెన్నైంది, వెన్న కూడా పాతబడ్డ వెన్న. కోడలు దాన్ని చేతికివ్వకుండా ఒక్క క్షణం పట్టుకుంది.

"ఇది పచ్చబడిందండీ. మొదటిదే..."

"వాడికి నువ్వు నేర్పుతావా?" అంది అత్తగారు. "గురువారం సంగతి చూసుకో నువ్వు. ఇక్కడివి మేం చూసుకుంటాం."

ఆయన అట్ట లాక్కున్నాడు. వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. చూస్తున్నవాడిలా లేడు, వెతుకుతున్నవాడిలా ఉన్నాడు. చివరికి "మూతెయ్యి," అన్నాడు. కోడలు మూత పెట్టి, రబ్బరు సుత్తితో చుట్టూ కొట్టింది. ఒక పక్క కొడితే రెండో పక్క లేస్తుంది మూత. తిప్పుకుంటూ కొట్టాలి.

ఆ సాయంత్రం ఆమె గదిలో బట్టలు మడతపెడుతోంది. ఆయన మంచం మీద కూర్చుని గోళ్ళలో ఎండిన రంగు పుల్లతో గీక్కుంటున్నాడు.

"గురువారం నాకు మత్తిస్తారట."

"అమ్మ చెప్పింది."

"పొట్టకి రంధ్రం పెడతారట."

"చిన్నదేగా."

ఆమె చొక్కా కాలరు సరిచేసి రెండో మడత వేసింది. "మీ పరీక్ష భేషుగ్గా ఉందని చెప్పారట అత్తయ్యతో."

గీకడం ఆగింది. "మరేం చెప్పమంటావు? బోర్డు రాసి కొట్టు ముందు కట్టమంటావా?"

"అత్తయ్యకేం చెప్పొద్దు. ఆ డాక్టరమ్మకి ఒక్క మాట చెప్పండి చాలు. నన్ను కోయరు."

"మందు వాడుతున్నాగా. కొన్నాళ్ళు ఓపిక పట్టు."

"నేను పడతాను. గురువారం పడుతుందా?"

ఆ మాటకి ఆయన మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. ఇప్పుడు చెప్తాడు అనుకుంది ఆమె. చొక్కా ఒళ్ళోనే ఉంచుకుని ఎదురుచూసింది.

"అయినా నువ్వు అలా చూస్తుంటే ఎవడికైనా ఏమొస్తుంది?" అన్నాడు.

"ఎలా చూస్తున్నాను?"

"అదే. ఎలాగో."

దీపం ఆర్పాక తను ఎలా చూస్తోందో ఎంత డేగకన్నుకైనా ఎలా తెలుస్తుందని అడగాలనిపించింది. అడగలేదు. ఆయన అప్పటికే తాళాల గుత్తి తీసుకున్నాడు. కింద కొట్టు ఇంకా కట్టనే లేదు. అత్తగారు గల్లాపెట్టె దగ్గరే కూర్చుని ఉంది. ఆ సంగతి మెట్లు దిగాక ఆయనకే తెలిసి ఉంటుంది. అయినా తిరిగి పైకి రాలేదు.

బుధవారం మధ్యాహ్నం పళ్ళ డాక్టరే స్వయంగా వచ్చాడు. వెనకాల పొడుగు పెయింటరు. మామూలుగా కొట్లోకి అడుగుపెడుతూనే "వదినా, టీ ఉందా?" అని కేకేసే మనిషి. ఇవాళ ద్వారబంధానికి తల తగలకుండా వంగి లోపలికొచ్చి, వంగినట్టే నిలబడ్డాడు.

"ఏం కలిపిచ్చారండీ?" అన్నాడు పళ్ళ డాక్టరు. మనిషి కోపంగా లేడు. కోపం కన్నా ఇబ్బందిపెట్టే నవ్వు ఉంది. "మా వెయిటింగు రూములో గోడకి గార పట్టింది. వచ్చినవాళ్ళు నా వైద్యం మీద అనుమానపడుతున్నారు."

పక్కన ఉలి కొనడానికొచ్చినవాడు, జిగురు కొనడానికొచ్చినవాడు పగలబడి నవ్వారు. అత్తగారు గల్లాపెట్టె మూత వేసింది.

పెయింటరు జేబులోంచి పాత గోడ పెచ్చు, కొత్త రంగు రాసిన అట్టముక్క తీసి బల్లమీద పక్కపక్కన పెట్టాడు. గుమ్మంలోంచి చూసినా తెలిసిపోయే తేడా. ఒకటి మీగడ. ఒకటి చీము.

డేగకన్ను వంగి చూశాడు. పెచ్చు చూశాడు, అట్ట చూశాడు. రెంటినీ దగ్గరికి జరిపాడు.

"సరిగ్గానే ఉందే," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. జిగురువాడు కూడా. పెయింటరు తల వంచుకుని తన చెప్పులకేసి చూసుకున్నాడు. చాలా కాలంగా ఈ కొట్టు రంగులే గోడలకి వేసి బతుకుతున్నవాడు అతను.

కోడలు భర్త చేతులు చూసింది. బల్ల అంచుని పట్టుకున్న వేళ్ళ చివర్లు తెల్లబడ్డాయి. అలా పట్టుకుంటే గోరు విరుగుతుందని ఆమెకి తెలుసు. ముందుకొచ్చింది.

"నాదే పొరపాటండీ," అంది. "మూత వేసేముందు పసుపు సీసా చేతిలోంచి జారింది. చుక్కలు పడ్డాయి. ఆయనకి చెప్పలేదు."

పళ్ళ డాక్టరు "ఓహో" అన్నాడు. పెయింటరు ఊపిరి వదిలాడు. డేగకన్ను తలెత్తి ఆమెని చూశాడు. ఆ చూపులో ఆమెకి ఒక్క క్షణం అన్నీ కనిపించాయి. తెలిసింది ఈయనకి, ఇవాళ నేను చేసింది రేపు నాకోసం చేస్తాడు అనుకుంది.

ఆయన పళ్ళ డాక్టరు వైపు తిరిగాడు. "సామాన్లు ముట్టుకోవద్దని చెప్తూనే ఉంటానండీ. వింటేనా? ఏది పట్టుకున్నా ఇంతే."

"దాని చేతిలో ఏదీ నిలవదు," అంది అత్తగారు. తర్వాత ఊపులో ఇంకో మాట కూడా అనేసింది. "చేతిలోనే కాదు, కడుపులోనూ నిలవదు."

ఉలి కొనడానికొచ్చినవాడు ఉలి అక్కడే పెట్టి మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. పళ్ళ డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

కోడలికి ఏడుపు రాలేదు. నింద అంత తేలిగ్గా ఎలా చేతులు మారిందా అని చూస్తూ ఉండిపోయింది. ఎవరో బరువైన సంచీ దించి ఇస్తే, పట్టుకున్నవాడు అడ్రసు కూడా చూడకుండా ఇంకొకరి భుజాన వేసినట్టు. పట్టుకోవడానికి తను ఎప్పుడూ చేతులు చాపే ఉంచింది. అదీ కనిపించింది ఇవాళ.

"వేరే కలిపిస్తాను, కూర్చోండి," అంది.

ఎవరూ వద్దనలేదు. పెచ్చు బల్లమీదే పెట్టుకుని కలిపింది. ఆమెకేం జ్ఞాపకాల విద్య రాదు. కలపడం, రాయడం, ఆరబెట్టడం, పెచ్చు పక్కన పెట్టి చూడడం, మళ్ళీ కలపడం, అంతే. చాలాసేపు పట్టింది. పళ్ళ డాక్టరు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. చివరికి పెచ్చుకీ అట్టకీ మధ్య గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సొచ్చింది.

డేగకన్ను ఆమె భుజం మీదుగా చూస్తున్నాడు.

"నీలం కొడుతోంది," అన్నాడు ఆమెకి మాత్రమే వినపడేలా.

"లేదండీ."

"ఆ పెచ్చు కూడా నీలమే." గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "అంతా నీలంగానే ఉంది."

ఆమె తల తిప్పి చూసింది. ఆయన కళ్ళు అట్టమీద లేవు. పెయింటరు తెల్లచొక్కా మీద, తర్వాత గోడమీది కాలెండరు మీద, తర్వాత తన అరచేతుల మీద తిరుగుతున్నాయి. మెట్లమీద కూర్చున్న రోజు మొహం అది. ఆ రోజైతే ఆమె వెనక్కొచ్చి పడుకుంది. ఇవాళ మూత పెట్టి, తిప్పుకుంటూ సుత్తితో కొట్టింది.

గురువారం పొద్దున్న ఆసుపత్రిలో ఆమెకి వెనకాల ముళ్ళు వేసే గౌను ఇచ్చారు. సగం ముళ్ళు ఊడిపోయాయి. రాత్రి నుంచి ఏమీ తినలేదు, నీళ్ళు కూడా తాగలేదు. పెదాలు అట్టకట్టుకుపోయాయి. చెవులవి, చేతులవి తీసి అత్తగారికిస్తే, ఆవిడ వాటిని రుమాలులో మూట కట్టి, కొట్టు తాళాలతో పాటు పిడికిట్లో పట్టుకుంది. ఇవాళ కొట్టు మూత.

డేగకన్ను వచ్చాడు. గుమ్మం బయట వరండాలో నిలబడి, చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పే బొమ్మల పోస్టరుని మొదటినుంచి చివరిదాకా చదువుతున్నాడు. బయల్దేరే ముందు పాలల్లో ఒక చెంచా వేసుకుని, ఆగి, ఇంకో అరచెంచా వేసుకున్నాడు. ఆమె చూసింది. చూసిందని ఆయనా చూశాడు.

లేడీ డాక్టరు గబగబా వచ్చింది. ఆకుపచ్చ టోపీలో ఇంకొకరిలా ఉంది.

"మత్తు ఇచ్చేముందు ఒక్కటి. గర్భం లేదని ఖాయం చేసుకోవాలి. ఆఖరిసారి కలిసిందెప్పుడమ్మా?"

"మొన్నీమధ్యే..." అని మొదలెట్టింది అత్తగారు.

"అత్తయ్యా," అంది కోడలు. "ఈ ఒక్కటి నేను చెప్తాను."

డాక్టరు వైపు తిరిగింది.

"పోయిన వానాకాలం కాదండీ. అంతకుముందు వానాకాలం. అది కూడా సరిగ్గా కలిసినట్టు కాదు."

నర్సు చేతిలోని సూది ట్రేలో పెట్టేసింది. డాక్టరు టోపీ కాస్త వెనక్కి నెట్టుకుని, మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది.

"ఇన్ని పరీక్షలు చేశాం. ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడిగినప్పుడల్లా అత్తయ్యగారే చెప్పారండీ."

తను ఎన్నిసార్లు తలెత్తకుండా అడిగిందో లెక్క చూసుకుంటున్నట్టు డాక్టరు రిపోర్టుల కాగితాలు వెనక్కి తిప్పింది. తర్వాత తలుపు తీసి, "లోపలికి రండి," అంది.

ఆయన లోపలికొచ్చాడు. డాక్టరు రెండు మాటల్లో అడిగింది. ఆయన తల్లి వైపు చూడలేదు, భార్య వైపు చూడలేదు.

"అబద్ధమండీ," అన్నాడు. "దానికి సూదంటే భయం. తప్పించుకోవడానికి చెబుతోంది. మా మధ్య ఏ ఇబ్బందీ లేదు."

"నేననుకుంటూనే ఉన్నాను," అంది అత్తగారు. గొంతులో మాత్రం అంత నమ్మకం లేదు.

గౌను వెనకాల ముడి ఊడి వీపుకి చల్లగా తగులుతోంది. కోడలు మంచం అంచున కూర్చుని, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసింది. తల్లికి అబద్ధం చెప్పాడు. నిన్న ఊరందరి ముందూ చెప్పాడు. ఇప్పుడు డాక్టరుకి చెప్పాడు. తను ఒట్టు వేసి చెప్పినా ఈ గదిలో మాటకి మాట, అంతే. ఆయన అబద్ధమాడనిది ఒక్క విషయంలోనే. కొట్లో అరువు అడిగినవాడికైనా, సొంత అన్నకైనా, రంగు దగ్గర ఉన్నదున్నట్టే చెప్తాడు. అందులో మాత్రం ఎప్పుడూ మాట మార్చలేదు.

"ఏవండీ," అంది. "ఈ గోడ ఏం రంగు?"

"ఇప్పుడు అదెందుకే?" అంది అత్తగారు.

"చెప్పండి."

ఆయన గోడకేసి చూశాడు. చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళి కట్టుకున్నాయి. ఆసుపత్రి గోడ ఏ రంగులో ఉంటుందో ఎవరికైనా తెలుసు. తెలుపు అనేస్తే అయిపోయేది. నర్సు, డాక్టరు, తల్లి, అందరూ ఆయన నోటికేసి చూస్తున్నారు. కళ్ళు చికిలించాడు. కిటికీ దగ్గరికెళ్ళి పక్కనుంచి కూడా చూశాడు.

"లేత నీలం," అన్నాడు.

అత్తగారు గోడని చూసింది. కొడుకుని చూసింది. "ఒరేయ్," అంది. "తెల్లగా ఉందిరా."

"నాకు నీలంగా ఉందమ్మా." కళ్ళు నులుముకున్నాడు. "పదిరోజులై అన్నీ అలాగే ఉంటున్నాయి. కన్ను పోతోందమ్మా నాకు."

డాక్టరు దగ్గరికొచ్చింది. ఎర్రబడ్డ మొహం, దిబ్బడేసిన ముక్కు, అన్నీ ఇప్పుడు చూసింది. "ఏం మందు వాడుతున్నారు?"

ఆయన మళ్ళీ గోడకేసి తిరిగాడు.

"గుర్రం బొమ్మ ఉన్న డబ్బా అండీ," అంది కోడలు. "పొడి. పాలల్లో వేసుకుంటారు. జలుబుకి కాదు."

"ఇలాంటి పొడుల్లో చెప్పకుండా మగతనానికిచ్చే మాత్రలు నూరి కలుపుతారు," అంది డాక్టరు. "ఎక్కువైతే కొందరికి అన్నీ నీలంగా కనిపిస్తాయి. ఇవాళే మానేయండి. గుండెకి కూడా ప్రమాదం. అసలు ఇబ్బంది ఎందుకొచ్చిందో చూడాలి, చక్కెర, రక్తపోటు, గుండె, అన్నీ. సిగ్గుపడాల్సింది కాదిది. చాలామందికి వస్తుంది. చాలామందికి తగ్గుతుంది కూడా."

ఆయన ఇవేవీ విన్నట్టు లేడు.

"మానేస్తే చూపు మామూలైపోతుందాండీ?"

"చాలావరకు అవుతుంది. కళ్ళ డాక్టరుకి కూడా చూపిద్దాం."

"రంగులు?"

"రంగులూ."

కళ్ళు మూసుకుని గోడకి ఆనుకున్నాడు. మొహం నిండా నెమ్మది పరుచుకుంది. ఆ నెమ్మదిలోంచి ఇంకో ప్రశ్న ఏదైనా వస్తుందేమోనని కోడలు కాసేపు చూసింది. ఈ మంచం గురించి, ఈ గౌను గురించి, పెరగని గోరు గురించి. రాలేదు.

ఆమె దిగి, తెర వెనక్కి వెళ్ళి బట్టలు మార్చుకుంది. గౌను మడతపెట్టి మంచం మీద పెట్టింది. అలవాటు కొద్దీ ముళ్ళన్నీ లోపలికి వచ్చేలా మడిచింది.

తెర ఇవతలికి వచ్చేసరికి ఆయన్ని అదే మంచం మీద కూర్చోబెట్టారు. నర్సు మోచేతికి పట్టీ బిగిస్తోంది. డాక్టరు అత్తగారిని కాసేపు బయట కూర్చోమంది.

"వాడి తల్లినండీ నేను. ఏం కావాలన్నా నేనే..."

"ఆయన్నే చెప్పనివ్వండి," అంది డాక్టరు.

అత్తగారు వెళ్ళింది. డాక్టరు స్టూలు లాక్కుని, ఈసారి మనిషి ఎదురుగా కూర్చుంది. "ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

ఆయన తలెత్తి భార్య వైపు చూశాడు. నిన్న బల్ల అవతలినుంచి చూసిన చూపే. ఆమె వచ్చి చెప్పేస్తే బాగుండునని, మళ్ళీ ఒక్కసారి చేతులు చాపితే బాగుండునని.

ఆమె చెప్పులు వేసుకుంది.

"నేను వెళ్ళి షట్టరు తాళం వేశారో లేదో చూసొస్తాను," అంది.

ఆయన మొహం పాలిపోయింది. డాక్టరుకి అర్థం కాలేదు. కోడలు తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది.

వరండా బల్లమీద అత్తగారు ఒకపక్కకి ఒరిగి కూర్చుని ఉంది. "ఎన్నాళ్ళనుంచి తెలుసు నీకు?" అంది ఆమెకేసి చూడకుండా. జవాబుకి ఆగకుండానే, "ఇంట్లో మాట ఇంతమందిలో పెట్టాలా? నాకు చెప్తే సరిపోయేది," అంది. చివరి మాట అంటూనే పిడికిట్లోని మూటకేసి చూసుకుంది. ఏమయ్యేదో ఆవిడకీ తట్టినట్టుంది.

"తాళాలివ్వండి అత్తయ్యా."

ఆవిడ పిడికిలి విప్పింది. తాళాలతో పాటు రుమాలు మూట కూడా చేతిలో పెట్టింది.

బస్సు ఎక్కకుండా నడిచింది కోడలు. దారిలో ఒక రొట్టె కొనుక్కుని, రోడ్డుపక్కనే నిలబడి మొత్తం తింది. నీళ్ళు తాగింది. ఎండలో తెల్లగోడలన్నీ తెల్లగానే ఉన్నాయి. బజారులో పొడుగు పెయింటరు ఎదురై ఏదో అడగబోయి, ఆమె మొహం చూసి తప్పుకున్నాడు.

కొట్టు ముందు వంగి షట్టరు తాళం పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగి చూసింది.

వేసే ఉంది. ఎప్పుడూ వేసే ఉండేది.